మా బావకు పని లేని ఎనిమిది రోజులు

ఎనభైల్లో ఒక వానాకాలం, ప్రత్తిపాడు పక్కనున్న మా పాలేనికి వాంతులూ విరేచనాలూ వచ్చి పడ్డాయి. మొదటి వారంలోనే ముగ్గురిని మట్టి చేశాం. ఆరోగ్యశాఖవాళ్ళు బావిలో బ్లీచింగ్ పౌడరు వేసి, నీళ్ళు కాచుకుని తాగమనీ, గుంపులు కట్టొద్దనీ చెప్పి వెళ్ళారు. చర్చి మూసేశారు. రైతులు మమ్మల్ని కూలికి పిలవడం మానేశారు.

ఊరికే కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. ఐదో తరగతిలో నేను బడి మానేస్తే నాకంటే మా మాస్టారే ఎక్కువ సంతోషించారు. నోరు ఆగితే నాకు భయం లోపలికి దిగుతుంది. అందుకని ఎవరింట్లో ఏడుపు వినిపించినా వీధిలో నిలబడి ఏదో ఒక వేళాకోళం ఆడేవాణ్ణి. కొందరు నవ్వేవారు, ఎక్కువమంది తిట్టేవారు.

పక్కింట్లోనే మా అక్క, బావ. బావ రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు మేకతో. ఆయనకు మాత్రం ఆ ఖాళీ అచ్చొచ్చింది. మంచం నులక విప్పి మళ్ళీ అల్లాడు. అదయ్యాక మా మంచం అడిగి పట్టుకుపోయాడు. ఒక మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని, "పెళ్ళయిన పన్నెండేళ్ళకి నా ఇల్లు పగటిపూట చూశానురా. ఎండ పొయ్యి దాకా వస్తంది, తెలుసా?" అన్నాడు. చుట్టూ చావులు నడుస్తుంటే ఈ మనిషికి ఇంత హాయి ఎక్కడిదని నాకు ఒళ్ళు మండింది.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఒక రైతు కబురు పంపాడు. పత్తికి పురుగు పట్టింది, గుట్టుగా వచ్చి మందు కొట్టి పొమ్మన్నాడు. నేను ఎగిరి గంతేశాను. బావ రానన్నాడు.

"ఎనిమిది రోజులు పొదిగావు, ఎన్ని పిల్లలు లేచాయి బావా?" అన్నాను, అక్క వింటుండగానే.

ఆయన లేచి చొక్కా తగిలించుకున్నాడు.

మధ్యాహ్నానికి మందు డబ్బాలు దించి ఇంటికొచ్చాం. అన్నం ముందు కూర్చున్న బావ లేచి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. తర్వాత చెంబు పట్టుకుని రెండుసార్లు పరుగెత్తాడు. మందు కొట్టేవాళ్ళకు ఇది మామూలే. తల తిరుగుతుంది, కక్కుకుంటారు, తెల్లారేసరికి లేస్తారు. ఆ జబ్బు కాదు, మందు గాలి తగిలిందని దూరంగా నిలబడ్డ ఇరుగుపొరుగుకు నేనే చెప్పాను. సబ్బుతో ఒళ్ళు రుద్ది పడుకోబెట్టాను. మందు తగిలినవాడికి కక్కడం ఆగేదాకా నీళ్ళు ఇవ్వకూడదని మాలో ఒక నమ్మకం. నీళ్ళు పడితే విషం ఒళ్ళంతా పాకుతుందంటారు. బావ నీళ్ళడిగాడు. చెంబు దూరంగా జరిపాను. మళ్ళీ అడిగాడు. బావి ఎక్కడికీ పోదులే, రేపు తాగుదువన్నాను.

పొద్దు వాలుతుండగా అక్క ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది. వేళ్ళు చాకిరేవులో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి.

"ఒరేయ్, మందు తగిలితే నోట్లో నురగ రావాల, చెమట కారాల," అంది మెల్లగా. "ఈయన ఒంట్లో తడే లేదురా."

జబ్బని ఒప్పుకోవడానికి భయమేసి, మనిషిని ఎండబెట్టాను.

బండి కట్టించి రోడ్డు మీదికి చేర్చి, లారీ ఆపి గుంటూరు తీసుకుపోయాం. బావ తల నా ఒళ్ళో ఉంది. దారిపొడుగునా అక్క ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తుంటే, మింగుతాడో లేదోనని ఆయన గొంతు వంకే చూశాను. ఒకసారి మింగలేదు. నీళ్ళు చెంప మీదుగా నా లుంగీ మీదికి జారాయి. అక్క నా వైపు చూడకుండా మరో చెంచా ముంచింది.

ఆసుపత్రిలో రెండు చేతులకూ సెలైన్ ఎక్కించారు. మర్నాడు పొద్దెక్కాక కళ్ళు తెరిచాడు.

"నీళ్ళు ఇవ్వొద్దన్నది నేనే బావా."

"తెలుసులేరా," అన్నాడు. గొంతు గాలిలా వచ్చింది. "నీళ్ళడిగింది నేనేగా."

తిట్టుంటే ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి. లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి పట్టాను. తొందరలో సగం ఆయన మెడ మీద ఒలికాయి. మిగతా సగం తాగేదాకా గ్లాసు అలాగే పట్టుకుని నిలబడ్డాను.