లవ్ సింబల్‌లోంచి వందేళ్ళు వెనక్కి

మా చెల్లెలు టీవీ సీరియళ్ళలో వేస్తుందని తెలిసినవాళ్ళు బస్సులోనైనా, స్టాఫ్‌రూములోనైనా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "ఏం వేషమండీ?" అని. "కాఫీ తెచ్చే వేషం" అంటాను. వాళ్ళు నవ్వుతారు. నాకు నవ్వే ఓపిక లేదు. దాని చేతికి ఆ కాఫీ ట్రే ఇచ్చింది ఏ డైరెక్టరో కాదు, నేనే.

చెల్లెలంటే పిన్ని కూతురు. మాది అద్దంకి వైపు ఒక పల్లె. మా అమ్మా పిన్నీ ఒకళ్ళ చేలో పత్తి తీసి, ఇంకొకళ్ళ చేలో మిరపకాయలు కోసి మమ్మల్ని మిషన్ హాస్టల్లో చదివించారు. నేను ఎమ్మే తెలుగు చేసి ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్‌నయ్యాను. అది డిగ్రీ పూర్తి చేసి టౌన్లో ఒక కాన్వెంటులో సోషల్ చెప్పేది. పాఠం చెప్పడం కూడా దానికి వేషం కట్టడమే. అశోకుడు పశ్చాత్తాపపడే పాఠం వచ్చిందంటే పక్క క్లాసు పిల్లలు కిటికీల దగ్గరికి చేరేవారు. ఎలాగైనా హైదరాబాదు వెళ్ళి నటించాలని దాని కోరిక. చర్చి నాటికలో మటుకు దానికి ఏటా గొర్రెల కాపరి వేషమే. దేవదూత తెల్లగా ఉండాలట. దేవదూతని చూసొచ్చినవాళ్ళెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండువేల సంవత్సరం రాబోతోందనీ, లోకం అంతమవుతుందనీ ఊరూరా ప్రసంగాలు జరుగుతున్న డిసెంబరు అది. పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తూ టౌన్లో కేబుల్ నడిపే అతను మా ఇంటికి వచ్చాడు.

"మేడం గారూ, క్రిస్మస్‌కి మన లోకల్ చానల్లో స్పెషల్ వెయ్యాలి. పాటలు అందరూ వేస్తున్నారు. ఏదన్నా కథ రాసిపెట్టండి. కాస్త వెరైటీగా ఉండాల."

రాశాను. ఇప్పటి కాలం టీచరమ్మ ఒకతె క్రిస్మస్ పనులతో విసిగిపోయి, వందేళ్ళు వెనక్కి వెళ్ళి, తన ముత్తవ్వ చేసుకున్న మొదటి క్రిస్మస్ చూస్తుంది. ముత్తవ్వ కామందు వాకిట్లో నిలబడి, ఆ ఒక్క రోజూ పని మానుకుంటామని బతిమాలుతుంది. కామందు ఒప్పుకోడు. అప్పుడు టీచరమ్మ వెళ్ళి ఆయన్ని నిలదీస్తుంది. ముత్తవ్వా టీచరమ్మా ఇద్దరూ మా చెల్లెలే.

పాస్టరుగారు స్క్రిప్టు చదివి కళ్ళజోడు తీశారు. "కాలంలో ప్రయాణం చెయ్యడం బైబిల్లో ఎక్కడుందమ్మా?"

"టీవీ ఎక్కడుందండీ బైబిల్లో?" అన్నాను. ఆయన ఇక ఆ మాట ఎత్తలేదు.

కాలం వెనక్కి తిరిగినట్టు ఎలా చూపించాలన్నది తర్వాతి గొడవ. కేబులతని మిక్సింగ్ మెషీనులో ఉన్నవన్నీ పెళ్ళి క్యాసెట్ల ఎఫెక్టులే.

"మూడే ఉన్నాయి మేడం గారూ. తామరపువ్వు విచ్చుకోవడం, ఫొటో గిరగిరా తిరగడం, లవ్ సింబల్."

తామరపువ్వు చూస్తే లక్ష్మీదేవి ప్రత్యక్షమవుతుందనుకుంటారని పాస్టరుగారు వద్దన్నారు. ఫొటో తిరుగుతుంటే మా పిన్నికి కళ్ళు తిరిగాయి. అలా మా చెల్లెలు ఎర్రటి లవ్ సింబల్ మధ్యలోంచి దూరి వందేళ్ళు వెనక్కి వెళ్ళింది.

కామందు వేషానికి మాస్టారిని అడిగాను. ఊళ్ళో భూములున్న కుటుంబం ఆయనది. హెడ్మాస్టరుగా చేస్తూ, పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టి పేరు తెచ్చుకున్నారు. పచ్చటి మనిషి, మెలి తిప్పిన మీసం, మైకు అక్కర్లేని గొంతు. మంచివారు. మా పల్లెలోకి వచ్చి, మా ఇళ్ళల్లో నీళ్ళు తాగే నలుగురైదుగురిలో ఒకరు.

"మా తాతని నాచేతే తిట్టిస్తావన్నమాట" అన్నారు నవ్వుతూ.

"మీరు తిట్టక్కర్లేదు మాస్టారూ, మీ తాత మాట్లాడినట్టు మాట్లాడితే చాలు."

పత్తి చేల గట్ల మీదా, మాస్టారి పాత ఇంటి వాకిట్లోనూ నాలుగు రోజులు తీశాం. పత్తి తీసేవాళ్ళు వంచిన నడుము ఎత్తలేదు. కెమెరా కోసం కాసేపు ఆగమంటే "మీ సినిమా ఆగుద్ది గానీ మా పని ఆగదమ్మో" అన్నారు. వాళ్ళని అలాగే వెనకాల ఉంచి తీశాం. మా చెల్లెలు వాళ్ళ దగ్గరే ఒక పాత చీర అడిగి కట్టుకుంది. నెత్తిన గంప, కాళ్ళకు చెప్పుల్లేవు.

"అయ్యా, ఏడాదిలో అన్ని రోజులూ మీవే. ఒక్క రోజు మా దేవుడికి ఇప్పించండి" అని అది చేతులు కట్టుకుని అంటుంటే, కెమెరా పట్టుకున్న కేబులతనే ముక్కు చీదుకున్నాడు.

రెండో సగం వేరు. అందులో అది టీచరమ్మగా నీటుగా గంజిపెట్టిన చీర కట్టుకుని, చేతికి వాచీ పెట్టుకుని వస్తుంది. కామందు కళ్ళలోకి సూటిగా చూస్తుంది. "అయ్యా, మీ మునిమనవడు నా క్లాసులోనే చదువుతాడు. సోషల్ రాదు. బెంచీ ఎక్కమంటే మారుమాట్లాడకుండా ఎక్కుతాడు." ఈ మాటకి మాస్టారు కామందుతనం మర్చిపోయి పగలబడి నవ్వితే, మూడుసార్లు మళ్ళీ తీయాల్సి వచ్చింది.

క్రిస్మస్ మధ్యాహ్నం ఆరాధన అయ్యాక, బిర్యానీలు తిని, టౌనంతా టీవీల ముందు కూర్చుంది. ఆ వారంలో మా ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి కూరగాయలమ్మే ఆవిడ దాకా నన్ను మెచ్చుకోనివాళ్ళు లేరు. అందరూ ఆ మొదటి సగం డైలాగులే అప్పజెప్పేవారు. నా తల తిరిగిపోయింది.

సీరియళ్ళకి నటుల్ని కుదిర్చే మేనేజరొకడు కేబులతనికి తెలుసు. క్యాసెట్ పంపమన్నాడు. పావుగంటకి మించి ఎవరూ చూడరు, అంతే కత్తిరించి పంపమన్నాడు. ఏ పావుగంట అన్న దాని మీద మా అక్కచెల్లెళ్ళకి యుద్ధం.

"రెండోది పంపుదామక్కా. అందులో నేను నాలాగా ఉన్నాను."

"నీలాగా ఉండటం నటనేంటే? ఏడిపించేదే నటన. మొదటిదే పంపుదాం."

"వాళ్ళు నా మొహం చూసేది మొదటిసారి. గంప మోస్తూనే కనపడాలా?"

"వాళ్ళేమన్నా గుడ్డివాళ్ళా? వేషమని ఆ మాత్రం తెలీదూ? రాసింది నేను. నాకు తెలీదా ఏది బావుందో?"

నా నోటి ముందు నిలిచినవాళ్ళు మా ఇంటావంటా లేరు. అదీ ఊరుకుంది. మొదటి పావుగంటే వెళ్ళింది.

వేసవి వచ్చేసరికి కబురొచ్చింది, ఇద్దరికీ. మాస్టారిని ఊరి పెద్ద వేషానికి రమ్మన్నారు. మా చెల్లెలి గురించి "మాకు అచ్చం అలాంటి అమ్మాయే కావాలి" అన్నారట. ఆ మాట విని నేను స్టాఫ్‌రూములో లడ్లు పంచాను. 'అలాంటి' అంటే ఎలాంటి అని అడగాలన్న ఆలోచనే రాలేదు. క్లాసులో మటుకు ప్రతి పదానికీ అర్థం చెప్పమని పిల్లల ప్రాణం తీసేదాన్ని.

అది కాన్వెంటు మానేసి వెళ్ళిపోయింది. సీరియల్ మొదలైన రోజు మా పిన్ని ఇంట్లో పల్లె సగం ఉంది. మాస్టారు జరీ కండువా వేసుకుని మెట్లు దిగారు. వెనకాల స్తంభం పక్కనుంచి మా చెల్లెలు ట్రే పట్టుకుని వచ్చింది. "కాఫీ అయ్యగారూ" అంది. వెళ్ళిపోయింది. దాని రంగు మరీ నల్లగా కనపడింది. మా టీవీ పాడైందేమో అనుకున్నాం. తర్వాత ఫోన్లో చెప్పింది, ఉన్న రంగు చాలదని మేకప్ అతను ఇంకో పూత పూస్తాడట.

నేను ఊరుకుంటానా! సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళి, షూటింగ్ జరిగే ఇంట్లో ఆ మేనేజరుని పట్టుకున్నాను. నా చెల్లెలు డిగ్రీ చదివిందన్నాను, టీచరన్నాను, మీకు కళ్ళున్నాయా అన్నాను. అతను అంతా విని, "మేడం, మీరు పంపిన క్యాసెట్టులో ఉన్న వేషమే కదా ఇచ్చాం? ఇంకోటి చేస్తుందని మాకెట్టా తెలుస్తుంది?" అన్నాడు. ఆ రాత్రి బస్సుకే తిరిగొచ్చేశాను.

ఆ తర్వాత మూడు వారాలు దానికి పిలుపు రాలేదు. నాలుగో వారం ఫోన్ చేసింది. గొంతు పెంచలేదు.

"అక్కా, నీకు నోరుంది, ఉద్యోగముంది. నాకు ఆ ట్రే ఒక్కటే ఉంది. ఇంకెప్పుడూ రాకు."

వెళ్ళలేదు. మాస్టారు ఆ సీరియల్లోంచి ఇంకో సీరియల్లోకీ, అక్కణ్ణుంచి సినిమాల్లోకీ వెళ్ళారు. ఎక్కడికెళ్ళినా ఆయనది ఆ కండువానే, ఆ మీసమే. వెళ్ళిన ప్రతిచోటా "మా ఊరి అమ్మాయి ఉంది, బాగా చేస్తుంది" అని మా చెల్లెలి మాట చెప్పేవారు. వాళ్ళు దాన్ని పిలిచి, కథలో ఆయన ఇంట్లోనే పనికి పెట్టేవారు. టీచరు వేషమో, డాక్టరు వేషమో ఇవ్వమని ఆయన ఒకసారి అడిగారట. "మీ ఇద్దరి కాంబినేషన్ ఇదే మాస్టారూ, జనం అలవాటు పడ్డారు" అన్నారట. నాతో చెప్పేటప్పుడు ఆయన నా మొహం చూడలేకపోయారు. నేనూ ఆయన్ని తప్పుపట్టలేకపోయాను.

అలా ఏడేళ్ళు. ఈలోపు ఊళ్ళో క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి. కేబులతను పొట్ట పెంచుకుని మళ్ళీ వచ్చాడు. "మేడం గారూ, ఇంకో క్రిస్మస్ స్పెషల్ చేద్దామా? ఇప్పుడు మన దగ్గర రాకెట్ ఎఫెక్టు కూడా ఉంది."

చెల్లెలు సెలవులకి వచ్చి ఉంది. మోకాళ్ళకి ఏదో నూనె రాసుకుంటోంది.

"ఏం వేషం రాయమంటావే?" అన్నాను. దాన్ని అడిగి రాయడం అదే మొదలు.

"కూర్చునే వేషం."

హాస్యమాడుతోందనుకున్నాను.

"నిజంగానే అక్కా. ఏడేళ్ళలో ఒక్క షాట్లో కూడా కూర్చోలేదు. నిలబడ్డాను, వంగాను, తుడిచాను. నా కూతురు చచ్చిపోయిన సీనులో కూడా గుమ్మం పట్టుకుని నిలబడే ఏడ్చాను. కూర్చుంటే ఫ్రేములో అమ్మగారికి అడ్డమట."

నేను రాసిన దాంట్లో టైం మెషీనూ లేదు, రాకెట్టూ లేదు. హెడ్మిస్ట్రెస్ తన గదిలో కూర్చుని ఉంటుంది. మనవడికి సీటు కోసం ఒక పెద్దాయన వచ్చి ఎదురుగా నిలబడి అడుగుతాడు. అంతే. కేబులతను కాగితం తిప్పి చూశాడు. "మిగతాది ఏదండీ?" అన్నాడు. మిగతాది లేదన్నాను. మాస్టారు మటుకు చదివి, రెండు రోజులు షూటింగు మానుకుని వచ్చారు. కండువా ఇంట్లోనే వదిలేసి వచ్చారు.

మా కాలేజీ స్టాఫ్‌రూములోనే తీశాం. మాస్టారు నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడ్డారు. మా చెల్లెలు ఆయన్ని ఫారం అడిగింది, తేదీ సరిచూసింది, తల ఊపింది. చాలా మామూలుగా చేసింది. అంత మామూలుగా చెయ్యడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది.

ప్రోగ్రాం వచ్చింది. పెద్దగా ఎవరూ చూడలేదు. అప్పటికి అందరి ఇళ్ళల్లోనూ డజన్ల చానళ్ళున్నాయి. చూసినవాళ్ళలో ఒకావిడ "పాతదే బావుందండీ, ఏడుపొచ్చింది" అంది. ఈసారి ఎవరికీ సీడీ పంపలేదు. పంపుదామని నేను నోరు తెరవబోతే అది నా వంక చూసింది, మూసుకున్నాను.

కొత్త సంవత్సరం వెళ్ళాక బస్టాండుకి తీసుకెళ్ళాను. మానెయ్యవే, కాన్వెంటువాళ్ళు ఇప్పటికీ తీసుకుంటారు అని చెప్పాలని దారి పొడుగునా అనుకున్నాను. చెప్పలేదు. అలసిపోయాను. బస్సు వచ్చేముందు అదే అంది.

"ఈసారి సీరియల్లో పనిమనిషికి పేరుంటుందట అక్కా."

"ఏం పేరు?"

"ఇంకా పెట్టలేదట."