తాత ఇంట్లో కూర్చుని కొట్టిన పంది

ఇందులో ఒక దీవి ఉంది. నీళ్ళు దాటి దాన్ని చేరే వీరుడు ఉన్నాడు. అతను విల్లు ఎక్కుపెడతాడు, క్రూరమృగాన్ని కూలుస్తాడు, కన్య చెయ్యి కోరతాడు. ఒక మహాకావ్యానికి సరిపడా సరుకు. చిక్కల్లా ఆ వీరుడు మా మావ కావడమే. పైగా ఇది జరిగింది చైత్రంలో. చైత్రంలో ఆ నీళ్ళు మోకాలి దాకా కూడా రావు. కాబట్టి కావ్యం ఊసు మానేసి, జరిగింది చెబుతాను.

ముంచింగిపుట్టుకి ఎగువన కొండల్లో ఒక గెడ్డ రెండు పాయలుగా చీలి మళ్ళీ కలుస్తుంది. ఆ పాయల మధ్య గుట్ట మీద ఓ ఊరు. వానలు పట్టాయంటే ఉప్పయినా, మందయినా గెడ్డ తగ్గేదాకా ఆగాల్సిందే. పుట్టబోయే పిల్లలు తప్ప అందరూ ఆగేవారు. కింది నుంచి ఉప్పు తెచ్చే షావుకారు దాన్ని లంక అనేవాడు, మేమూ అలాగే అనేవాళ్ళం. మాది అవతలి గట్టు.

లంకలో కోట లేదు, శాసనం లేదు. ఊరి చరిత్రంతా బాణాల్లో ఉంది. వాళ్ళ పెద్దలు వచ్చి అక్కడ నిలిచిన రోజుల్లో ఊరంతటికీ పిడికెడు ఇనుమే ఉండేదట. కొడవలి అరిగిపోతే దాన్ని కాల్చి బాణానికి ములికి చేసుకునేవారు. అందుకని విల్లు ఎవరు పట్టినా, బాణం ఎవరిదైతే వేట వాళ్ళది. ఇప్పుడు సంతలో ఇనుము కావలసినంత దొరుకుతున్నా ఆ కట్టుబాటు మాత్రం కదల్లేదు. ములికి మొదట్లో నార చుట్టే తీరు ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది. అది చూసి ఏ ఇంటి బాణమో చెప్పేస్తారు. మా గట్టున అయితే వేసినవాడిదే వేట. ఈ తేడా మీరు గుర్తుంచుకోండి. మా మావ గుర్తుంచుకోలేదు.

మావంటే మా అమ్మ తమ్ముడు, నాకన్నా కాస్తే పెద్ద. లంకలో ఒక గుంట మీద, అంటే ఒక పిల్ల మీద, మనసు పడ్డాడు. ఆమెను పెంచింది వాళ్ళ తాత. ఆయన ఒకప్పుడు ఆ కొండల్లో పేరుపడ్డ విలుకాడు. కొన్నేళ్ళుగా మోకాళ్ళు పట్టేసి, అరుగు మీద కూర్చుని, ఎవరూ వెయ్యని బాణాలకి పదును పెట్టుకుంటూ ఉండేవాడు. ఒక్కో ములికి తీసి, ఇది మా ముత్తవ్వ దుంపలు తవ్విన గునపం ముక్క, ఇది కరువేడు అమ్మకుండా దాచిన గొడ్డలి కొన అని చెప్పేవాడు. వెక్కిరిద్దామని కూర్చుని, సంతకి పోవడం మరిచిపోయిన రోజులు నాకున్నాయి.

మావ వెళ్ళి గుంటనడిగితే ముసలాయన ఒకటే మాట చెప్పాడు. ఇటికల పండక్కి వేట తెస్తే గుంటనిస్తాడు. తేకపోతే మావ మళ్ళీ గెడ్డ దాటకూడదు.

ఇటికల పండగంటే విత్తనాలు చల్లబోయే ముందు మగవాళ్ళంతా వేటకి పోవడం. ఆ వేట నెత్తురు తగిలిన గింజలే ముందు భూమిలో పడాలి. ఒట్టి చేతులతో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడ కొడతారు. ఆ పేడ ముందురోజు నుంచే పోగేస్తారు. అంత శ్రద్ధగా ముందుచూపుతో జరిగే పని ఆ పండగలో మరొకటి లేదు.

మన్యంలో పితూరీ అణిగిన మరుసటి ఏడది. నాటుతుపాకులన్నీ ఠాణాకి చేరడంతో అందరికీ విల్లంబులే గతి. పొద్దున్నే రేవు దగ్గర ఆ గుంట మావ చేతిలో ఆకు చుట్టిన బాణం ఒకటి పెట్టి, ఇది ఆఖర్న వెయ్యమంది. మావ మురిసిపోయాడు.

తన బాణాలన్నీ మావ చెట్లకే వేశాడు. ఒకటి జీలుగు మానులో ఇప్పటికీ ఉంది. ఆఖరి బాణం మిగిలాక కుక్కలు తరిమిన అడవిపంది సూటిగా మా మీదికొచ్చింది. నేను పరిస్థితిని ఎత్తు నుంచి గమనిద్దామని చెట్టెక్కాను. మావ కళ్ళు మూసుకుని వదిలాడు. బాణం చెవి వెనక దిగింది. గురి అని ఆయనంటాడు. పంది అడ్డొచ్చిందని నేనంటాను.

పందిని కర్రకి కట్టి మోసుకొచ్చాం. రేవులో ఆడవాళ్ళు దారికడ్డంగా వెదురు పట్టుకుని నిలబడ్డారు. ఊరి పెద్ద అయిన నాయుడు వంగి బాణం మీద నార కట్టు చూశాడు. అది ముసలాయన బాణమని తేల్చాడు. అంటే పంది ముసలాయనది. అంటే మా మావది ఒట్టి చెయ్యి.

భుజమ్మీద పందితో నిలబడినవాడి మీద పేడ పడడం నేను చూడడం అదే మొదలు. మొదటి ముద్ద ఆ గుంటదే. నేను కడుపు పట్టుకుని నవ్వాను. నేనూ ఏమీ కొట్టలేదన్న సంగతి అప్పుడు వాళ్ళకి గుర్తొచ్చింది.

మావ కళ్ళు తుడుచుకుని ఆమెనడిగాడు. "తెలిసే ఇచ్చినావేటి?"

"తెలిసే ఇచ్చినాను బావా. నీ ఒంటి మీద పేడ కడిగితే పోతాది. మా తాత బెంగ దేంతో కడగాల?"

మావ కర్రని భుజం మీద సర్దుకుని ముసలాయన అరుగు దారి పట్టాడు.

పందిని అరుగు ముందు దించారు. ముసలాయన ముందు నమ్మలేదు. బొటనవేలితో నార కట్టు తడిమి చూసుకున్నాడు. వేటగాడి వాటా పంది తల. దాన్ని ఆయన ముందే పెట్టారు. ఊరందరి గింజలకీ నెత్తురు ఆయన చేతే అద్దించారు. ఆయన కర్ర లేకుండా లేచి నిలబడ్డాడు. వెంటనే కూలబడ్డాడనుకోండి, కాని లేచాడు.

తర్వాత నేను కింద మైదానంలో కోటలు చూశాను, రాజుల విగ్రహాలూ చూశాను. నడవలేనివాణ్ణి కూడా వేటకి తీసుకుపోయే ఊరు మాత్రం మరొకటి చూడలేదు.

గుంట సంగతేమిటని నాయుడే అడిగాడు. ముసలాయన మావని తలనుంచి పాదాల దాకా చూశాడు. చూడ్డానికి కనిపించేది ఎక్కువగా పేడే.

"పందిని నాను కొట్టినాను. మోసుకొచ్చినోడు ఈడు. కొట్టీవోడు ఇంట్లో ఉన్నాడు కదా, ఇంక మోసీవోడే కావాల. బేగి కడుక్కుని రమ్మను."

మావ గెడ్డ వైపు పరిగెత్తాడు. డప్పులు మోగాయి, ఆడవాళ్ళు చేతులు కలిపి థింసా మొదలుపెట్టారు, పెద్ద కుండలో మాంసం పొయ్యి మీదికెక్కింది.

పంది ముదురుది. మర్నాడు పొద్దెక్కేదాకా ఉడకలేదు.