రాములవ్వ మోకాలి కింది దిండు

యూనివర్సిటీ హాస్టళ్లకు పోయే దారిలో రాములవ్వ అమ్మే జొన్నరొట్టె తినని పిల్లలు తక్కువ. నేల మీద కూర్చుని, మోకాళ్లు మడిచి, పీట మీద పిండిముద్దను అరచేత్తో చరిచేది. తార్నాకలో నా పక్కింటిదే. నా నోటికి భయపడనిది అదొక్కతే.

కుడి మోకాలు అరిగిపోయింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే నడవలేదు. చివరికి పొయ్యి ఆరిపోయింది. మోకాలు మార్చాలని, రోబో సాయంతో చేస్తానని డాక్టరమ్మ కరుణ చెప్పింది.

"ఏందీ, మిషన్ కోస్తదా నా కాలు?" రాములవ్వ గయ్యిమన్నది.

"కోసేది నేనే అవ్వా. నీ ఎముక ఫోటో ముందే తీసి, ఎంతదాక కోయాల్నో దానికి చెప్తం. నా చెయ్యి ఆ హద్దు దాటబోతే అది ఆపుతది."

"అయితే గసొంటిదొకటి ఈ భారతమ్మ నోటికి పెట్టున్రి" అని పక్కనే ఉన్న నన్ను చూపించింది.

ఆపరేషన్ బాగానే అయింది. మర్నాడే నడిపించారు. అసలు తంటా ఇంట్లో మొదలైంది. చూడటానికి వచ్చిన ప్రతి చుట్టం బత్తాయిలు పెట్టి, "అయ్యో, కాలు లాగుతుందా" అంటూ మోకాలి కింద ఇంకో దిండు దూర్చేది. "లేవకు అత్తా, గట్లనే పండు" అని కోడలు స్వర్ణ. మోకాలు వంగింది వంగినట్టే బిగుసుకుపోయింది.

చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ మండిపడింది. "మోకాలి కింద ఏం పెట్టొద్దన్న కదా! గిట్లనే పంటే కాలు సాపు కాదు, రొట్టెల ముచ్చట మర్చిపో. రోబో పని అయిపోయింది. ఇగ నీ పని."

 

ఆ పొద్దు నుంచి నేను వాళ్ల గడపలో కూర్చున్నాను. "బత్తాయిలు గాడ పెట్టు. కాలి కింద మెత్త దూర్చినవంటే చెయ్యి ఇరగ్గొడ్త" అని ముందే చెప్పి లోపలికి పంపేదాన్ని. చుట్టిన తువ్వాలు రాములవ్వ మడమ కింద పెట్టి, మోకాలు కిందికి అదమమనేదాన్ని.

"నువ్వు పాడుగాను వదినా!" అని అరుస్తూనే అదిమేది. కాలు కొంచెం కొంచెంగా తిన్నగా సాగింది. కర్ర పట్టుకుని ఇద్దరం క్యాంపస్ చెట్ల కింద నడిచాం. పిల్లలు ఆగి, "అవ్వా, రొట్టెలెప్పుడు?" అని అడిగేవాళ్లు.

నేల మీద కూర్చోవడం మాత్రం వద్దన్నారు. "నిలబడి చేస్తే అది రొట్టెనా?" అని మూతి ముడిచింది. స్వర్ణ ఎత్తు బల్ల తెచ్చి, పొయ్యి, పీట దాని మీద సర్దింది.

మొదటి రొట్టె అంచులన్నీ పగిలాయి. అదే నా చేతిలో పెట్టింది.

"ఎట్లున్నది?"

"నీ పాత మోకాలు లెక్కున్నది."

కొంగు బిగించి, రెండో ముద్ద తీసుకుంది.