నేను చదివి చెప్పిన నెంబరు

కార్తీక పున్నమికి ముందు రోజు, శనివారం, పొద్దున్న తొమ్మిదింటికి జరిగింది. అప్పటినుంచి మోస్తున్నాను. చేపల గంప అయితే బజారులో దింపొచ్చు. దీన్ని ఎక్కడ దింపాలో తెలియక మీ ముందు పెడుతున్నాను.

మాది గంజాం తీరం. ఎండుచేపలు బరంపురం తీసుకెళ్ళి అమ్ముతాను. ఒరియావాళ్ళకు కార్తీకం పున్నమితోనే ముగుస్తుంది; ఆ చివరి అయిదు రోజులూ కొంగ కూడా చేప ముట్టదంటారు. బేరం ఉండదు. అందుకే ఆ పొద్దున్న పక్కింటి పోలమ్మ అరుగు మీద ఊరికే కూర్చున్నాను.

పోలమ్మ మొగుడు కామయ్య గుజరాతు బోట్ల మీద పనికెళ్ళి అక్కడే పోయాడు. అతను వాట్సాప్‌లో పంపిన మాటలు ఆమె ఫోన్‌లో ఉండేవి. "పోలీ, తిన్నావేటి?" అని, అలాంటివే. రోజూ పొద్దున్నే ఒకటి పెట్టుకుని వినేది. ఆ రోజూ విని, ఫోన్ నా చేతికిచ్చి కుళాయికి వెళ్ళింది.

ఫోన్ మోగింది. ఎవడో ఒరియాలో మావుసీ, అంటే పిన్నీ, అని మర్యాదగానే పిలిచాడు. పింఛను ఆఫీసట. మెసేజ్‌లో నెంబరు వస్తుంది, చదివి చెప్పమన్నాడు. వచ్చింది. అంకెలు నాకు వచ్చు. కింద ఇంగ్లీషులో ఉన్న ముక్క రాదు.

లోపల పిండి కలుపుతున్న పోలమ్మ కోడలు గౌరి, పదో తరగతి చదివిన పిల్ల, గడపలోకి వచ్చింది.

"సెప్పకండి పిన్నీ. కింద ఏటి రాసుందో నే సదువుతాను, ఇలాగియ్యండి."

"నీ పిండి నువ్వు కలుపుకో. నాకూ అచ్చరాలొచ్చు."

ఒక్కొక్క అంకే గట్టిగా చదివాను. వాడి కోసం కాదు, గౌరి వినాలని. వేలిముద్రది అనిపించుకోలేక యాభై దాటాక పలక పట్టినదాన్ని నేను. నాకు రానిది ఒక్క ముక్క ఉందని ఆ పిల్ల ముందు ఒప్పుకుంటే ఏం పోయేది?

కాసేపటికే పోలమ్మ వాట్సాప్ ఇంకెవడి చేతికో పోయింది. బరంపురం గేట్ బజార్‌లో ఫోన్లు బాగుచేసే అతను అంతా తుడిచి కొత్తగా తెరిచి ఇచ్చాడు. తెరుచుకుంది. కామయ్య మాటలు మాత్రం రాలేదు.

ఎలా పోయాయని పోలమ్మ అడిగింది. నీ కోడలే ఏదో నొక్కింది అన్నాను. భయంతో అన్నానా? భయం కొంతే. ఆ పిల్ల చెప్పిందే నిజమైందన్న ఉక్రోషం ఎక్కువ. గౌరి జరిగింది చెప్పింది. నాతో అన్నేళ్ళ స్నేహం ముందు కోడలి మాట నిలవలేదు. పోలమ్మ గౌరిని ఫోన్ ముట్టుకోనివ్వలేదు, తర్వాత పొయ్యీ ముట్టుకోనివ్వలేదు. ఆ ఏడాదే కొడుకూ కోడలూ బరంపురం అంకులిలో అద్దెకు పోయారు.

మొన్న అంకులి వైపు చేపలు తీసుకెళ్తే గౌరి పిలిచి మంచినీళ్ళిచ్చింది. నా ఫోన్ అడిగి తీసుకుని వాట్సాప్‌లో ఏదో మార్చింది. ఇకమీదట వేలు పెడితే చాలట. చదివి చెప్పడానికి నెంబరే రాదట. నా బొటనవేలు పట్టుకుని ఫోన్ మీద నొక్కించింది. ఏ వేలికి సిగ్గుపడి అక్షరాలు దిద్దానో, ఆ వేలే ఇప్పుడు భద్రం. గౌరి పాత మాట ఎత్తలేదు. నేను ఎత్తాల్సింది. గంప ఎత్తుకుని వచ్చేశాను.

అందుకే రాస్తున్నాను. పోలమ్మకు చదువు రాదు. ఇది ఆమె చెవిన పడాలంటే ఎవరో చదివి చెప్పాలి. క్షమిస్తుందని రాయడం లేదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

ఆ పొద్దున్న ఉన్నవాళ్ళం వీళ్ళం. కుళాయి దగ్గర పోలమ్మ. గడపలో గౌరి. అరుగు మీద నేను. నా చేతిలో ఫోన్, అందులో కామయ్య.