పోయే ఇంజను, వచ్చే ఇంజను

జమాల్ బీ దగ్గర రేకు రైలింజను ఒక్కటే కొనడం ఎవరి తరమూ కాదు. మా అమ్మాయి పుట్టినరోజుకని వెళ్ళి, "ఒకటి చాలమ్మా, రెండు నేనేం చేసుకోను?" అని అడిగి చూశాను.

"జత విడదీయనన్నా. ఇది పోయే ఇంజను, అది వచ్చే ఇంజను. పోయేదొక్కటే పట్టుకెళ్తే ఏలూరెళ్ళిన బండిని మళ్ళీ ఎవరు తీసుకొస్తారు?" అంది.

వ్యాపారం తెలివితేటలు అనుకున్నాను. నాకు ముక్కు మీద కోపమనీ, నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనీ మా ఆవిడ అంటూ ఉంటుంది. అలాంటివాణ్ణి ఆ ఇంజన్లు చేతిలోకి తీసుకున్నాక బేరం మాట మర్చిపోయి రెండూ కొనేశాను. మా అమ్మాయి నాలుగు రోజులు ఆడుకుంది. తర్వాత అవి మా రేడియో మీదికి చేరి ఏడాది పాటు అక్కడే ఉన్నాయి.

నేను బెజవాడ లోకో షెడ్డు స్టోర్సులో గుమాస్తాని, పేరు జాన్‌బాబు. ఇంజనులో ఉండే ప్రతి నట్టూ బోల్టూ నా రిజిస్టరు దాటి పోవలసిందే. ఈ గొప్ప ఎందుకు చెప్పుకుంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది, అప్పుడు నవ్వుకుందురుగాని.

జమాల్ బీది కంకిపాడు. వాళ్ళ నాన్న అక్కడ రేకు పెట్టెలూ లాంతర్లూ చేసి సంతలో అమ్మేవాడు. పదేళ్ళకే ఆమెకి రేకు కత్తెర పట్టడం వచ్చు. కంకిపాడుకి రైలు లేదు. పదహారో ఏట గుణదల గేటు దగ్గర రేకు కొట్టున్న రహమతుల్లాకిచ్చి పెళ్ళి చేశారు. బస్సు దిగి అత్తారింట్లో అడుగు పెట్టిన మధ్యాహ్నమే గోడలు అదిరేలా మెయిలు బండి వెళ్ళింది. కొత్త పెళ్ళికూతురు పెరట్లోకి పరుగెత్తి నోరు తెరుచుకుని నిలబడిపోయిందని వాళ్ళ అత్త పోయేదాకా చెప్పి చెప్పి నవ్వేదట.

ఆ చూడడం ఇరవై రెండేళ్ళయినా ఆగలేదు. కొట్టుకి ముందు రోడ్డు, వెనక రైలు పట్టాలు. రహమతుల్లా ముందువైపు కూర్చుని పని ఒప్పుకుంటే, ఆమె వెనకవైపు కూర్చుని మాట్లు వేసేది. అంటే రేకు అంచులు రెండూ కలిపిపట్టి, కాల్చిన రాగి కడ్డీతో సీసం కరిగించి అతికించడం. సిగ్నల్ పడక బండి ఆగిందంటే ఆమెకి పండగే. చేతిలో పని పక్కన పడేసి, చక్రం తన గడ్డం దాకా వస్తుందో నుదురు దాకా వస్తుందో చూసుకునేది. బొగ్గుపెట్టె పక్కన రివెట్లు లెక్కపెట్టుకునేది. చదువు రాదు కనక ఇంజను మీది అంకెలతో ఆమెకి పని లేదు. మిగతాదంతా బుర్రలో ఉండేది.

డాల్డా డబ్బా రేకు బాయిలరయ్యేది. బూటు పాలిష్ మూతలు చక్రాలయ్యేవి, సైకిలు చువ్వలు కడ్డీలయ్యేవి. ముక్కు మీద నక్షత్రం కత్తిరించి అతికించేది. అడిగినవాళ్ళకి అడిగినట్టు చేసేది: గార్డుగారి పిల్లలకి చివర గార్డు పెట్టె, పాల వ్యాపారికి పాలడబ్బాలు వేలాడే పెట్టె. పోయే ఇంజను రెండు కిటికీల్లోనూ టోపీ పెట్టుకున్న పెద్దాయన బొమ్మ, వచ్చే ఇంజను రెండు కిటికీల్లోనూ తలకి గుడ్డ చుట్టుకున్న కుర్రవాడి బొమ్మ ఉండేవి. ఆ బొమ్మ ఇంజన్లు రహమతుల్లా చేతిపని అని ఊరంతా అనుకునేది. కామెర్లతో అతను పోయాక కూడా ఇంజన్లు తయారవుతూ ఉండేసరికి అసలు సంగతి తెలిసింది.

డెబ్బై అయిదో సంవత్సరం వానాకాలంలో ఒక సాయంత్రం నేను స్టవ్వు బాగుచేయించుకోడానికి వెళ్ళాను. ఆమె మరిది పీరు అక్కడున్నాడు. వన్‌టౌన్‌లో బట్టల కొట్లో పని చేస్తాడు. చెడ్డవాడు కాదు, నలుగురి నోటికీ జడుస్తాడు, అంతే.

"వదినా, గేటు పడితే ఆగినోళ్ళంతా నిన్నే చూస్తున్నారు. ఆడమనిషిని రోడ్డు మీద కూర్చోబెట్టాడని నన్నంటున్నారు. కొట్టు ఆ సైకిలు షాపతనికి ఇచ్చేద్దాం. నువ్వు మా ఇంట్లో ఉందువుగాని. నీకింత అన్నం పెట్టలేనా?" అంటున్నాడు.

"అన్నానికేం పీరూ, పెడతావు. ఈ పని లేకపోతే నేనేమైపోవాలి?" అంది జమాల్ బీ. నాకు పీరు మీద ఒళ్ళు మండింది.

నా నోరు ఊరుకుంటుందా! "రైల్వేవాళ్ళే పిలిచి పనిస్తే అప్పుడేమంటావయ్యా?" అన్నాను.

"రైల్వే అంటే గవర్నమెంటు కదండీ. అప్పుడింక ఎవడంటాడు? నేను నోరెత్తితే ఒట్టు. కాకపోతే రంజాను నెల మొదలయ్యేలోపు తేలాలి. ఆ తర్వాత కొట్టు ఇచ్చేస్తా."

నేనన్నది గాలిమాట కాదు. కొత్తగా చేరిన ఫైర్‌మన్లకి, అంటే ఇంజనులో బొగ్గేసేవాళ్ళకి, మా షెడ్డులో పాఠాలు చెబుతారు. ఆ క్లాసులో ఉండే చెక్క ఇంజనుకి చెదలు పట్టి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. పాఠాలు చెప్పే బాలశౌరిగారు పాతికేళ్ళు ఇంజను నడిపిన మనిషి. ఆయన్ని అడిగాను. "గజం పొడుగు ఇంజను ఒకటి చేయించి తీసుకురా. సరిగ్గా ఉందంటే వ్యాగన్లూ సిగ్నళ్ళూ అన్నీ ఆవిడ చేతే చేయిద్దాం, ఏళ్ళ తరబడి పనుంటుంది" అన్నారు.

జమాల్ బీ నెల రోజులు తిండి సంగతి మర్చిపోయి పని చేసింది. నేను రోజు విడిచి రోజు వెళ్ళి తొందరపెట్టాను. ఎప్పుడెళ్ళినా ఆమె రెండు బాయిలర్లు చుడుతూ కనిపించేది. వాళ్ళడిగింది ఒక్కటే కదమ్మా అంటే, "అడిగింది ఇస్తానన్నా. రెండోది నా తృప్తికి" అనేది.

పోయే ఇంజనుని దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని షెడ్డుకి తెచ్చింది. క్లాసు మధ్యలో బల్ల మీద పెట్టి దుప్పటి తీయగానే ఇరవై మంది ఫైర్‌మన్లూ లేచి నిలబడ్డారు. నాకు ఛాతీ ఉబ్బింది.

బాలశౌరిగారు దాని చుట్టూ ఒకసారి తిరిగారు. ఆగి, మళ్ళీ తిరిగారు. "అమ్మా, ఇందులో డ్రైవరెక్కడుంటాడు?" అన్నారు.

"ఇదుగో, కిటికీలో సార్."

"ఈ పక్కనా డ్రైవరే ఉన్నాడు, ఆ పక్కనా డ్రైవరే ఉన్నాడు. మరి బొగ్గేసేవాడేడీ?"

క్లాసు గొల్లుమంది. ఆయన వేలు పెట్టి చూపించాక అందరికీ కనబడింది. ఇంజనుని ముందుకీ వెనక్కీ మార్చే పొడుగాటి కడ్డీ ఒకటి డ్రైవరు చేతి దగ్గర మొదలై చక్రాల దాకా పోతుంది. అది డ్రైవరుండే ఎడమ పక్కనే ఉండాలి. ఈ ఇంజనుకి రెండు పక్కలా ఉంది. ఎడమ పక్క ఎలా ఉందో కుడి పక్కా అచ్చం అలాగే ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "పుట్టి బుద్ధెరిగి ఇంజను చూశావా అసలు?" అని అందరి ముందూ ఆమె మీద అరిచేశాను. ఆ మాటకి ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

జమాల్ బీ బెదరలేదు, ఆశ్చర్యపోయింది. "ఇది పోయే ఇంజను కదన్నా, దీనికి కడ్డీ ఉంటుంది. వచ్చే ఇంజనుకే ఉండదు" అంది. మళ్ళీ నవ్వులు. ఒకడు బల్ల చరుస్తున్నాడు.

బాలశౌరిగారు మాత్రం నవ్వలేదు. "వచ్చే ఇంజను ఎలా ఉంటుందమ్మా? చెప్పు" అన్నారు.

ఆమె కళ్ళు మూసుకుని చెప్పింది. ఏ పైపు ఎక్కడ వంగుతుందో, ఏ రివెట్టు పక్కన ఏది లేదో, ఎక్కే మెట్లలో ఏది లోపలికి ఉంటుందో, కిటికీలో కుర్రవాడు ఏ మోచెయ్యి ఆనించి కూర్చుంటాడో, అన్నీ. చెబుతున్నకొద్దీ నవ్వులు తగ్గిపోయాయి. ఆమె చెబుతున్నది ఫైర్‌మన్ వైపు, కుడి పక్క. రోజూ ఆ పక్క నుంచే ఎక్కి దిగే కుర్రాళ్ళకే అంత తెలియదు.

అప్పటికి ఆయనకి అర్థమైంది. ఆమె ఇల్లు పట్టాలకి ఒకే పక్క ఉంది. ఏలూరు వైపు పోయే ఇంజను ఎప్పుడూ ఎడమ పక్కే చూపించి పోతుంది. వచ్చే ఇంజను కుడి పక్కే చూపించి వస్తుంది. ఇరవై రెండేళ్ళు ఆ రెండు పక్కల్నీ చూసి, అవి రెండు రకాల ఇంజన్లనుకుంది. కనబడని పక్క కూడా కనబడే పక్కలాగే ఉంటుందనుకుంది. అందులో ఆమె తప్పేముంది?

"రా అమ్మా" అని ఆయన ఆమెని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళారు. మేమంతా వెంట వెళ్ళాం. అక్కడ పెద్ద గుండ్రటి గుంట, దాని మధ్య ఇరుసు మీద తిరిగే పట్టాల వంతెన ఉన్నాయి. ఇంజను ముఖాన్ని అటునుంచి ఇటు తిప్పేది దాని మీదే. అప్పుడే ఏలూరు నుంచి వచ్చిన ఇంజను దాని మీదికెక్కి ఆగింది. మా వైపు కిటికీలో తలగుడ్డ కుర్రవాడున్నాడు.

"వచ్చే ఇంజను" అంది జమాల్ బీ.

నలుగురు మనుషులు దూలం పట్టుకుని నెట్టారు. అంత ఇంజనూ మెల్లగా తిరిగింది. దాని ముక్కు మా ముందు నుంచి పోయింది, ఆ తర్వాత అవతలి పక్క ఇటు వచ్చింది. పొడుగాటి కడ్డీ, కిటికీలో టోపీ పెట్టుకున్న పెద్దాయన. కుర్రవాడు అటు పోయాడు.

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "రెండూ ఒకటేనా సార్?" అంది. తర్వాత నవ్వింది, నవ్వుతుంటేనే కళ్ళ నీళ్ళు కారాయి. "ఇన్నేళ్ళూ నా పెరటి పక్క నుంచి పోయిందే తిరిగొచ్చింది. నేనెంత పిచ్చిదాన్ని!"

"నువ్వు కాదమ్మా పిచ్చిదానివి" అన్నారు బాలశౌరిగారు, నా వంక ఓ చూపు చూసి. ఆయనకి నా రేడియో సంగతి తెలియదు. నాకు మాత్రం అప్పుడే గుర్తొచ్చింది. ఏడాదిగా రోజూ వార్తలు వింటూ చూసిన ఇంజన్లు, రెండు పక్కలా ఒకేలా ఉన్న ఇంజన్లు! రిజిస్టర్ల గుమాస్తాని, నాకూ కనబడలేదు.

"రేప్పొద్దున సరైన ఇంజను తెస్తాను సార్" అంది జమాల్ బీ. ఒక్క రోజులో ఎలా తెస్తుందని నేను అడగలేదు. అడిగే మొహం ఎక్కడుంది?

ఇంజనుని మళ్ళీ దుప్పట్లో చుట్టుకుని మేము గుణదల చేరేసరికి పీరు కొట్టు ముందే ఉన్నాడు. ఎవరు మోశారో, కబురు మా కంటే ముందే వచ్చింది. "పోనీలే వదినా. చేతనైనంత చేశావు. సైకిలు షాపతన్ని రమ్మంటాను" అన్నాడు, జాలిగానే.

ఆమె లోపలి నుంచి రెండో ఇంజను తెచ్చి మొదటిదాని పక్కన పెట్టింది. రాగి కడ్డీ నిప్పుల్లో పెట్టి, "ఈ కొస గట్టిగా పట్టుకో పీరూ" అంది.

రేకు పనివాళ్ళు ఏది చేసినా రెండు సగాలుగా చేసి నడిమధ్యన మాటు వేస్తారు. వేడి తగిలిస్తే ఆ మాటు కరిగి విడిపోతుంది. ఆమె పోయే ఇంజనుని వెన్ను పొడుగునా విప్పింది, వచ్చే ఇంజనునీ విప్పింది. పోయేదాని ఎడమ సగం, వచ్చేదాని కుడి సగం తీసి దగ్గర పెట్టింది. అంచుకి అంచు అతికినట్టు సరిపోయాయి. ఒకే కంటితో, ఒకే కొలతతో చేసినవి మరి. చెయ్యి కాలుతున్నా పీరు వదల్లేదు. చివరి మాటు పడ్డాక ఇంజను ఎత్తి చుట్టూ తిప్పి చూశాడు. ఒక కిటికీలో పెద్దాయన, రెండో కిటికీలో కుర్రవాడు.

"ఇది నువ్వే చేశావా వదినా?" అన్నాడు, ఆమె పని అప్పుడే మొదటిసారి చూసినట్టు.

మిగిలిన రెండు సగాలు కలిపితే ఏమవుతుందని నేనడిగాను. "డ్రైవరు కుడి పక్కకొస్తాడన్నా. అద్దంలో ఇంజనులా ఉంటుంది. పనికిరాదు" అంది, ఒక్క క్షణం ఆలోచించి. నాకది అర్థం కావడానికి రాత్రి భోజనం దాకా పట్టింది.

మర్నాడు బాలశౌరిగారు సరైన ఇంజనుతో పాటు, మిగిలిన సగాలు అతికించి చేసిన ఆ పనికిరానిదాన్ని కూడా అడిగి తీసుకున్నారు. వ్యాగన్లకీ సిగ్నళ్ళకీ ఆర్డరు రాసిచ్చారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు, బల్ల చరిచినవాడే ఆ కాగితం పరుగున తెచ్చి ఆమెకిచ్చాడు. సైకిలు షాపతను వేరేచోటు చూసుకున్నాడు.

ఇప్పటికీ కొత్త ఫైర్‌మన్లు చేరిన మొదటి రోజు ఆయన ఆ అద్దంలో ఇంజను బల్ల మీద పెట్టి, ఇందులో తప్పేమిటో చెప్పమంటారు. ఎవరూ చెప్పలేరు. "గుణదల గేటు దగ్గర జమాల్ బీగారుంటారు. వెళ్ళి అడిగి తెలుసుకు రండి" అని పంపిస్తారు. పది మంది, పదిహేను మంది కుర్రాళ్ళు వచ్చి కొట్టు ముందు నిలబడతారు. ఆమె సుత్తి ఆపకుండానే చెబుతుంది.

వాళ్ళు నిలబడి వినడం బాగాలేదని, పీరు కొట్టు ముందు ఒక బల్ల వేయించాడు.