దీపం ఈ పక్కకి

చివరి సాయంత్రం కూడా రాజేశ్వరక్క లాంతరు జరిపింది. నేను మాట్లాడబోతుంటే "ఉండప్పా" అని, వెలుగు నా ముఖం మీద పడేలా పెట్టి, అప్పుడు ఎదురుగా కూర్చుంది. ఆదోనిలో ఎవరింటికి పోయినా ఆమెది ఇదే పని. "మీ అక్కది సినిమా పిచ్చప్పా" అని బావ ఇంద్రసేనయ్యే ముందుగా నవ్వేవాడు. ఆ తర్వాత మేమందరం నవ్వేవాళ్లం.

ఒకసారి ఎమ్మిగనూరు టెంటు సినిమాలో ఆట మధ్యలో శబ్దం ఆగిపోయింది. బండ్లు కట్టుకొని వచ్చిన జనం కేకలేశారు. ఆట అంతటితో ఆగిపోయేలా ఉంది. అక్క మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. ఆడపడుచు శాంతకుమారి ఆమె భుజం తట్టి, ముఖం దగ్గర ముఖం పెట్టి, "మాటలు రాల్యా వదినా, లెయ్, పోదాం" అంది.

"మాటలతో ఏం పని? కూసో" అంది అక్క. "ఆ మద్రాసు మేడలు సూడు, ఎంతెంత ఉండాయో. వాటి కింద వాడు సీమంత సిన్నగా అయిపోయినాడు. పని దొరకల్యా. పైన కిటికీలో దీపం ఎలుగుతాంది గదా, ఆ పిల్ల వానికోసరం ఇంకా మేలుకొనే ఉండాది."

ఆడవాళ్లు సద్దుమణిగారు. తడిక అవతల నుంచి మగవాళ్లు "గట్టిగా సెప్పమ్మా, మాగ్గూడా ఇనపడాల" అన్నారు. అక్క ఆ మాట పట్టించుకోలేదు. తన గొంతుతోనే ఆట చివరిదాకా చెప్పింది. ఒక్కరూ లేచి పోలేదు.

అక్క పోయిన పదో రోజు కర్మ ముగిశాక బావ నాతో అన్నాడు: "మీ అక్కకి ఇనపడేది కాదప్పా. ముఖం సూసి మాట పట్టుకునేది. ఎవురికీ సెప్పనియ్యల్యా."

ఎప్పటి నుంచని అడిగాను. ఎమ్మిగనూరు ఆటకు ముందటేడు నుంచి అన్నాడు.