తిరిగిరాని విమానాన్ని కట్టిన మా మామ

పోయిన నెల ఒక బుధవారం పొద్దున మా మామ పోయారు. చాయ్ ఇచ్చి వచ్చి, మళ్లీ గ్లాసు కోసం వెళ్లేసరికి కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నారు. చాయ్ ముట్టలేదు. పరుగెత్తి వెళ్లి మా ఆయనను పిలుచుకొచ్చాను.

మామ అంటే నా భర్త తండ్రి. వయసులో ఉన్నప్పుడు నౌకాదళంలో విమానాల మెకానిక్. పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు, విమానాలు దిగే ఓడ మీద పనిచేశారు. కొలువు ముగిశాక సిరిసిల్లకు వచ్చి అన్నదమ్ముల లాగే మరమగ్గాలు పెట్టుకున్నారు. సముద్రం నుంచి తెచ్చుకున్నది ఒక్క అలవాటే. ప్లాస్టిక్ ముక్కల పెట్టెలు తెప్పించుకుని, ఆనాటి విమానాలను అరచేతిలో పట్టేంత చిన్నవిగా కట్టేవారు. ఇబ్రహీంపట్నం నుంచి దుబాయి పోయిన స్నేహితుడు సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఆ పెట్టెలు తెచ్చేవాడు.

అతుకు కనిపించకుండా గరుకు కాగితంతో రుద్ది, కళ్లు మూసుకుని వేలితో తడిమేవారు. "కండ్లకు కనవడది బిడ్డా, ఏలికి దొరుకుతది" అనేవారు. ఓడ మీద జాగా తక్కువని రెక్కలు పైకి మడిచి అతికించేవారు. నిగనిగలాడే కొత్త రంగు మీద పొగ మరకలు, నూనె చారలు వేసేవారు. చెడగొడుతున్నారేంటని అడిగితే, "పని చేసిన బండి గిట్లనే ఉంటది" అనేవారు.

అలమారలో ఒకే రకం విమానం ఐదారు ఉండేవి. ఎందుకని ఒకసారి అడిగాను.

"గిది పోయి మళ్ల రాలె. ఇద్దరున్నరు లోపట. మడిచిన రెక్కలు ఇప్పినంక గొళ్లెం నేనే చూసి పంపిన. పెట్రోలు అయిపోయే టైం దాటినా ఓడ మీద ఎవ్వలం కదల్లే."

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో మా ఆయన జగిత్యాల దిక్కు రాస్తారోకోకు పోయి తిరిగి రాలేదు. లాఠీచార్జి అయిందని, కొందరిని వ్యాన్లలో ఎక్కించుకుపోయారని తోటివాళ్లు చెప్పారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఫోన్ కలవలేదు. నాకప్పుడు ఏడో నెల.

బస్సులు బంద్. మామ స్కూటర్ తీశారు. నేనూ వస్తానన్నాను.

"గీ కడుపుతోని యాడికి?"

"ఇంట్ల కూసుంటే పాణం పోతది మామా."

మామ సీటు మీద దుప్పటి మడిచి వేశారు.

దారిలో ఏ ఠాణాలో అడిగినా ఆ పేరుగల మనిషి లేడన్నారు. జగిత్యాలలో నీళ్లు తాగడానికి ఆగితే, ఆసుపత్రిలో ఎవరో వయసు పిల్లగాడి శవం ఉందనీ, ఊరూ పేరూ తెలియలేదనీ హోటలాయన చెప్పాడు. మామ నన్ను ఆసుపత్రి గేటు దగ్గర అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కరే లోపలికి పోయారు. కడుపులో పిల్ల కదలడం కూడా నాకు తెలియలేదు.

బయటికి వచ్చి, "మనోడు కాదు" అన్నారు.

నాకు ఊపిరి ఆడింది. మామ మాత్రం గోడకు ఒరిగి, ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

"ఎవ్వలి కొడుకో బిడ్డా. ఆళ్లింట్ల ఇంక తొవ్వ సూస్తనే ఉంటరు."

పట్టుకున్నవాళ్లను కోరుట్ల దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారని అక్కడే ఎవరో చెబితే అటు పోయాం. మా ఆయన ఉన్నారు. తొక్కిసలాటలో నలిగిన కుడి చేతికి తువ్వాల చుట్టి ఉంది. సాయంత్రం వదిలిపెట్టారు. మామ ఆయనను కౌగిలించుకోలేదు. దిగిన విమానానికి ఎక్కడ తూటా తగిలిందో వెతికినట్టు, భుజం నుంచి కిందికి మెల్లగా తడుముతూ పోయారు. "రెండు వేళ్లు ఇరిగినయి. ఇంటికి పోదాం" అన్నారు.

ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్లు వంగలేదు. మగ్గం మీద తెగిన పోగు ముడి వేయలేని చేయి దేనికని మా ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవారు. "నన్నెందుకు దేవులాడుకొచ్చిన్రు" అన్నారొకరోజు. బిడ్డ పుడితే, జారవిడుస్తానని ఎత్తుకోలేదు. ఆ నెలల్లో ఇంట్లో చాకులు, మగ్గాల నూనె డబ్బాలు నేను దాచిపెట్టి తిరిగాను.

మామ ఓదార్చలేదు. రోజూ కొడుకును బల్ల దగ్గరికి పిలిచి, జిగురు రాసిన రెండు సగాలు ఆ చేతిలో పెట్టేవారు. "పట్టేదాక ఇడువకు." ముక్కలు జారి కింద పడేవి. మామ వంగి ఏరి, మళ్లీ పెట్టేవారు. రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా గులాల్‌తో ఎర్రబడితే, ఆ ఇద్దరూ లోపల ఒక చక్రం అతికిస్తూ ఉన్నారు. ముడి వేయడం మా ఆయనకు పూర్తిగా ఎన్నటికీ రాలేదు. బిడ్డను మాత్రం ఎత్తుకున్నారు.

దినాలు అయిన మరునాడు మామ గది తెరిచాం. కిటికీ మూయడం ఎవరికీ గుర్తులేదు. పక్కింట్లో మగ్గాలు నడుస్తున్నాయి. బల్ల మీద ఒకే రెక్క అతికించిన విమానం ఉంది. ఆరని రంగు మీద నూలు నూగు పడి, అలాగే ఎండిపోయింది. మా ఆయన దాన్ని తుడవలేదు. కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నారు. కిటికీలోంచి నూగు ఇంకా వస్తూనే ఉంది. విమానం మీద, బల్ల మీద, ఆయన వెంట్రుకల మీద తెల్లగా వాలుతూ ఉంది.